పుదుచ్చేరిలో రాత్రి గది వెతుక్కుంటూ ఒక పార్కులోకి వెళ్ళాను. మధ్యలో ఉన్న ఆ తెల్ల మండపం ఎవరిది?

గుండ్లకమ్మ ఒడ్డు | బుధవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ ఉంటే పుదుచ్చేరి వచ్చాం. అక్క వాళ్ళు చెన్నైలో ఉంటారు. పోయిన నెల అక్కే అమ్మని ఇక్కడికి తీసుకొచ్చి పరీక్షలన్నీ చేయించింది. నేను ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి.

ఆపరేషన్ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. రాత్రికి అమ్మ దగ్గర ఆడమనిషే ఉండాలన్నారు, అక్క ఉండిపోయింది. నేను ముందే ఫోన్లో మాట్లాడుకున్న లాడ్జికి వెళ్తే గది వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు. ఏడున్నర అవుతోంది. బ్యాగు భుజాన వేసుకుని నెహ్రూ వీధిలో ఇంకో లాడ్జి కోసం నడుస్తున్నాను. బట్టల షాపులు, పళ్ళ బండ్లు, హారన్ల మోత. అమ్మ కన్ను ఎలా ఉంటుందోనన్న టెన్షన్ ఒకపక్క. అలాగే తూర్పుకి నడిచి ఒక కాలువ దాటాను.

అక్కడితో ఊరే మారిపోయింది. పసుపు రంగు గోడలు, వాటి మీద నుంచి వేలాడుతున్న కాగితం పూలు, మూలమూలనా నీలం రంగు పలకల మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేర్లు. నా అడుగుల చప్పుడు నాకే వినబడుతోంది. ఇంకాస్త ముందుకెళ్తే ఇనుప చువ్వల ప్రహరీ, దాని వెనక పెద్ద పెద్ద చెట్లు. ఆ కొమ్మల సందులోంచి తెల్లగా మెరుస్తూ ఏదో కనబడింది. గుడి అనుకున్నాను. గేటు తీసి ఉంది, లోపలికి వెళ్ళాను.

అప్పుడే మొక్కలకి నీళ్ళు పట్టినట్టున్నారు, తడి మట్టి వాసన. రాతి బెంచీ మీద ఒక ముసలాయన, పక్కన ఆయన భార్య. గడ్డి మీద ఒక కుటుంబం స్టీలు డబ్బా మూత తీసి పెరుగన్నం తింటున్నారు. చిన్న పాప నిద్రమత్తులో వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నడుస్తోంది. ఇద్దరు ఆడపిల్లలు దీపస్తంభం కింద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నారు. ఆ రాత్రి పూట అంత నిశ్చింతగా మనుషులు కూర్చుని ఉండటం చూసి నా గుండె కుదుటపడింది. పొద్దుట్నించీ మొదటిసారి ఒకచోట కూర్చోవాలనిపించింది.

మధ్యలో ఆ తెల్ల కట్టడం. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దగ్గరికెళ్ళి, అమ్మ కన్ను బాగుండాలని దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే లోపల విగ్రహం లేదు, దీపం లేదు. నాలుగు వైపులా కమానులు, స్తంభాలు, మధ్యలో ఖాళీ. బయట ఎర్ర టోపీ పెట్టుకున్న పోలీసు కానిస్టేబుల్ ఉంటే, నాకొచ్చిన రెండు తమిళ ముక్కలతో ఇది ఏ గుడి అని అడిగాను. “గుడి కాదు, ఆయి మండపం” అన్నాడు. అంతకు మించి నాకు అర్థం కాలేదు. కాసేపటికి వాచ్‌మన్ విజిల్ వేస్తే అందరితో పాటు బయటికొచ్చాను. తర్వాత గది దొరికింది. అక్కడి నుంచే రాస్తున్నాను.

ఆయి అంటే ఎవరు? గుడి కాని చోటుకి అంత అందం ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో మాట, అమ్మకి కట్టు విప్పాక రాత్రి పూటే అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది. తీసుకెళ్ళొచ్చా?

యానాం గాలి | బుధవారం, రాత్రి 11:05

అన్నా, అది భారతి పార్కు. మాది యానాం. మా ఊరు గోదావరి ఒడ్డునే ఉన్నా రాజధాని మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరే. ఆఫీసు పనుల మీద ఏటా వెళ్తుంటాను. పుదుచ్చేరికి గుర్తుగా ఎక్కడ చూసినా ఈ మండపం బొమ్మే వేస్తారు. చిన్నప్పుడు కాగితాల మీద ఆ బొమ్మ చూసి నేను కూడా గుడే అనుకునేవాణ్ణి.

పార్కుకి ఉత్తరాన ఉన్న పెద్ద తెల్ల భవనం రాజ్ నివాస్. ఫ్రెంచివాళ్ళ కాలంలో గవర్నరు ఉండేవాడు. అసెంబ్లీ కూడా ఆ పక్కనే. ప్రభుత్వమంతా ఆ పార్కు చుట్టూనే ఉంటుంది. పగలు వెళ్తే ఫైళ్ళు పట్టుకుని పరిగెత్తేవాళ్ళే. రాత్రి అయితే మీరు చెప్పినట్టే. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పేరు మీద పార్కుకి ఆ పేరు. బ్రిటిష్ వాళ్ళు పట్టుకోకుండా ఆయన 1908 నుంచి 1918 దాకా ఈ ఊళ్ళోనే తలదాచుకున్నాడు.

ఆయి కథ నాకు పైపైన తెలుసు. ఇక్కడ పాండీలో పుట్టి పెరిగిన తెలుగు వాళ్ళున్నారు, వాళ్ళు చెబితేనే బాగుంటుంది.

పాండీ తెలుగమ్మాయి | గురువారం, ఉదయం 6:15

మీ పోస్టు రాత్రే చదివాను. చదివి నిద్ర పట్టలేదు. ఎందుకో కథ విన్నాక మీకే తెలుస్తుంది. మా అమ్మమ్మ నాకు చెప్పినట్టే చెబుతాను.

ఈ ఊరు ఊరు కాకముందు మాట. పడమటి వైపు ఇప్పుడు ముత్తిరపాళయం అంటారే, అక్కడ ఆయి అని ఒక దేవదాసి ఉండేది. ఆమె ఇల్లు చాలా అందంగా ఉండేదట. ఒకరోజు పొద్దుగూకాక విజయనగరం రాజు శ్రీకృష్ణదేవరాయలు ఆ దారిన వెళ్తున్నాడు. చీకట్లో దూరంగా దీపాలతో వెలిగిపోతున్న ఆ ఇల్లు కనబడింది. గుడి అనుకున్నాడు. ఆగి, చేతులు జోడించి దండం పెట్టాడు.

పక్కన ఎవరో ఒక పెద్దాయన, అది గుడి కాదు దేవదాసి ఇల్లు అని చెప్పాడు. రాజుకి కోపం వచ్చింది. తను దండం పెట్టిన ఇల్లు నేలమట్టం కావాలన్నాడు. ఆయి వచ్చి కాళ్ళ మీద పడి ఒక్కటే అడిగింది. కూల్చే పని నాకే వదిలేయండి, నా చేతులతో నేనే కూల్చుకుంటాను అని. రాజు ఒప్పుకున్నాడు. ఆమె ఇల్లు కూల్చేసి, తన దగ్గరున్న సొమ్మంతా పెట్టి ఆ చోట ఊరి జనం కోసం చెరువు తవ్వించింది. దాన్ని ఆయి కుళం అంటారు. కుళం అంటే చెరువు.

ఎన్నో తరాలు గడిచాయి. ఫ్రెంచివాళ్ళు వచ్చారు. సముద్రం పక్కనే ఉన్నా వాళ్ళు ఉండే వైపు తాగడానికి మంచినీళ్ళు లేవు. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో లామైరెస్ అనే ఇంజినీరు ముత్తిరపాళయం నీళ్ళని సుమారు ఐదు కిలోమీటర్లు కాలువ కట్టి ఇప్పుడు పార్కు ఉన్న చోటుకి తెచ్చాడు. ఊరి దాహం తీరింది. ఆ నీళ్ళ వెనకున్న కథ చక్రవర్తి చెవిన పడితే, యుద్ధం గెలిచిన వాళ్ళకి కట్టినట్టు ఆమె పేరు మీద ఈ మండపం కట్టించమన్నాడట.

అందుకే నాకు నిద్ర పట్టలేదు. దారిన పోతూ, రాత్రి పూట, దీపాల వెలుగులో చూసి గుడి అనుకుని మీరూ దండం పెట్టారు. ఏమీ తెలియకుండానే.

గుండ్లకమ్మ ఒడ్డు | గురువారం, ఉదయం 7:02

అమ్మా, మీ పోస్టు హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని చదివాను. రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చే టైమైంది, కట్టు విప్పుతారు. సాయంత్రం రాస్తాను.

ఆదిలాబాద్ అడవి | గురువారం, ఉదయం 8:30

మా దిక్కు మరాఠీ మాట్లాడేటోళ్ళు అమ్మని ఆయి అంటరు. తమిళంల కూడా అదే అర్థమా?

పాండీ తెలుగమ్మాయి | గురువారం, ఉదయం 8:41

అవునన్నా, పాత తమిళంలో ఆయి అంటే అమ్మే. పల్లెల్లో అమ్మవారి పేర్ల చివరా వస్తుంది. మా అమ్మమ్మ ఆమె పేరెత్తితే ఆయమ్మ అనేది. ఆ కథ చెబుతూ ఒక్కనాడు కూడా తక్కువ మాట వాడలేదు.

సీమ శాసనం | గురువారం, ఉదయం 10:20

చరిత్ర చదివేవాణ్ణి కాబట్టి ఒక మాట. ఇది జనం నోట నిలిచిన కథ. కొందరు రాయలే వచ్చాడంటారు, కొందరు ఆయన కింద పనిచేసిన అధికారి అంటారు. రాయల పాలన 1509 నుంచి 1529 దాకా. ఆ కాలంలో ఆ ప్రాంతమంతా విజయనగరం కిందే ఉంది కాబట్టి కథకి కాలం సరిపోతుంది. తర్వాత అక్కడికి దగ్గర్లోని సెంజిలో నాయకులు పాలించారు, వాళ్ళు తెలుగు మూలాలున్న వాళ్ళే. బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం చుట్టూ చెక్కిన రాతి స్తంభాలు ఉంటాయి చూడండి, అవి సెంజి నుంచి తెచ్చినవే.

రాయలు అంటే మనకి ఎంతో గౌరవం. ఈ కథలో మాత్రం నా మనసు ఆయన వైపు లేదు. దీపాల వెలుగులో ఆ ఇల్లు చూసి దండం పెట్టినప్పుడు ఆయనకి కలిగిన భక్తి నిజమైనదే కదా. ఇంట్లో ఎవరున్నారో తెలియగానే అది తప్పెలా అయింది? ఆయి ఆయనకి మాటతో జవాబివ్వలేదు, చెరువుతో ఇచ్చింది. మనం చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా చెప్పుకుంటాం. పిల్లలు లేకపోయినా చెరువు పేరు నిలబెడుతుందని. ఆమె విషయంలో అది అక్షరాలా జరిగింది.

బొబ్బిలి కోట | గురువారం, మధ్యాహ్నం 1:15

ఆ పార్కు నేల గురించి ఒకటి చెప్పాలి. నేను 2019లో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళి ఇలాగే రాత్రి పూట అక్కడ కూర్చున్నాను. దానికి ముందు సాయంత్రం లాల్ బహదూర్ శాస్త్రి వీధిలో నడుస్తుంటే పాత పేరు బుస్సీ వీధి అని కనబడింది. కాళ్ళు ఆగిపోయాయి. మా ఊళ్ళో బుస్సీ పేరు తెలియని పిల్లాడు ఉండడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి విజయరామరాజు పక్షాన ఫిరంగులతో వచ్చింది ఆ ఫ్రెంచి సేనాని బుస్సీయే. కోటలో ఆడవాళ్ళు, పిల్లలు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. తాండ్ర పాపారాయుడి కథ మా తాత బుర్రకథలో వింటూ ఏడ్చేవాడు.

ఆ రాత్రి పార్కులో ఒక పెద్దాయన మాటల్లో చెప్పాడు. ఈ చెట్లున్న చోటే ఫ్రెంచివాళ్ళ పెద్ద కోట ఉండేదట, సెయింట్ లూయీ కోట. బొబ్బిలి కాలిన నాలుగేళ్ళకే, 1761లో, ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరిని పట్టుకుని కోటని రాయి మీద రాయి లేకుండా కూల్చేశారు. 1765లో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చాక కొత్తగా కట్టుకున్నారు. నేను కూర్చున్న గడ్డి కింద ఒక కోట ఉందని తెలిసి చాలాసేపు లేవలేకపోయాను. అక్కడ పిల్లలు జారుడుబల్ల మీద జారుతున్నారు. నాకు కోపం రాలేదు, సంతోషమూ కాదు. మా కోట గుర్తొచ్చింది.

కూకట్‌పల్లి నైట్‌షిఫ్ట్ | గురువారం, మధ్యాహ్నం 2:40

గుండ్లకమ్మ అన్నా, మీ పోస్టులో నన్ను పట్టి ఆపింది దీపస్తంభం కింద చదువుకుంటున్న ఆ ఇద్దరు ఆడపిల్లలు.

నేను రాత్రి షిఫ్టులో పనిచేస్తాను. సాయంత్రం లేచి, ఆఫీసుకి వెళ్ళేలోపు ఒక గంట ఆరుబయట కూర్చోవాలంటే మా దగ్గర పార్కు మూసేసి ఉంటుంది. మిగిలింది షాపింగ్ మాల్. అక్కడ కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. చెట్టు కింద ఊరికే కూర్చునే హక్కు రాత్రి పూట ఆడవాళ్ళకి ఎక్కడుంది?

మియాపూర్ మామ | గురువారం, మధ్యాహ్నం 3:10

చెల్లెమ్మా, నేను మా కాలనీ సంఘంలో ఉన్నాను. పార్కు రాత్రి తెరిచి చూశాం. నెల తిరక్కముందే సీసాలు, గొడవలు. ఆడవాళ్ళే వచ్చి మూసేయమన్నారు. మూయడం మాకూ ఇష్టం లేదు.

కూకట్‌పల్లి నైట్‌షిఫ్ట్ | గురువారం, మధ్యాహ్నం 3:32

మామయ్యా, మీరు చెప్పింది కాదనను. ఒక్కటి ఆలోచించండి. మీ పార్కులో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి? ప్రహరీ గోడ ఎంత ఎత్తు? గోడ మనిషెత్తు ఉంటే రోడ్డు మీద వాళ్ళకి లోపల ఏం జరుగుతోందో కనబడదు. అప్పుడు లోపల ఉండాల్సినవాళ్ళు ఉండరు, ఉండకూడనివాళ్ళు ఉంటారు. గుండ్లకమ్మ అన్న ఇనుప చువ్వల సందుల్లోంచి మండపం చూశారు. అంటే బయటికి లోపలంతా కనబడుతోంది.

ఇంకోటి. నేను కిందటేడు ఒక్కదాన్నే పాండీ వెళ్ళాను. బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఏడున్నర దాకా బండ్లు రానివ్వరు. ఆరు కొట్టగానే బారికేడ్లు అడ్డం పెడతారు. అరగంటలో ఆ రోడ్డంతా మనుషులే. అమ్మమ్మలు, చంకలో పిల్లలతో అమ్మలు, చేతికర్ర తాతలు. పార్కు ఆ రోడ్డుకి రెండడుగుల దూరం. ఆ జనమే అటూ ఇటూ తిరుగుతుంటారు. అక్కడ నాకు ధైర్యం ఇచ్చింది వాచ్‌మన్ కాదు, ఆ అమ్మమ్మలు.

మియాపూర్ మామ | గురువారం, సాయంత్రం 4:05

గోడ మాట నిజమే. మాది ఏడడుగుల గోడ. ఆదివారం మీటింగులో గోడ దించి గ్రిల్ పెట్టించే విషయం ఎత్తుతాను.

హాన్ నది తెలుగోడు | గురువారం, సాయంత్రం 5:20

నేను దక్షిణ కొరియాలో సియోల్‌లో ఉంటాను. మీ అందరి మాటలు చదివాక నా రాత్రి కూడా చెప్పాలనిపించింది.

వచ్చిన మొదటి వారం. ఆఫీసు వాళ్ళతో భోజనం చేసి బయటికొచ్చి, మెట్రోలో తప్పు గేటు నుంచి పైకొచ్చాను. చుట్టూ ఆకాశాన్నంటే మేడలు, ఆరు వరసల రోడ్డు. ఒక వంతెన పక్కన కిందికి మెట్లు కనబడితే అవతలికి దారేమో అని దిగాను. పదిహేను మెట్లు దిగేసరికి రోడ్డు మోత పోయి నీళ్ళ చప్పుడు మొదలైంది. ఊరి నడిబొడ్డున, రోడ్డుకి ఒక అంతస్తు కింద, వాగు పారుతోంది. రెండు పక్కలా నడవడానికి దారి, గడ్డి, రెల్లు. రాళ్ళ మీద అడుగులేసుకుంటూ జనం అటూ ఇటూ దాటుతున్నారు. ఆఫీసు బట్టల్లో ఉన్న ఒకాయన బూట్లు, సాక్సులు పక్కన పెట్టి పాదాలు నీళ్ళలో ఉంచి కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చుని కాళ్ళు పెట్టాను. జూన్ నెలలో కూడా ఝల్లుమన్నాయి. మా ఊరి పిల్లకాలువ గుర్తొచ్చి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇంటి మీద బెంగ అప్పటిదాకా బయట పడలేదు.

దాని పేరు చొంగ్గేచొన్. ఒకప్పుడు మురికి పట్టిపోతే పైన కాంక్రీటు కప్పేసి, ఆ పైన ఫ్లైఓవర్ కట్టేశారు. 2003లో ఆ ఫ్లైఓవర్ పడగొట్టడం మొదలుపెట్టి, 2005 కల్లా సుమారు ఆరు కిలోమీటర్ల వాగుని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. కొంత దూరం నడిస్తే పాత ఫ్లైఓవర్ స్తంభాలు మూడు నీళ్ళలో మొండిగా నిలబడి ఉంటాయి. గుర్తుకోసం కావాలనే ఉంచారు. గేటు లేదు, తాళం లేదు. భారీ వాన పడినప్పుడు మాత్రం దిగనివ్వరు, నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి.

సీమ శాసనం | గురువారం, సాయంత్రం 6:00

ఆ వాగులో పారేది చాలావరకు హాన్ నది నుంచి పంపులతో ఎత్తిపోసే నీళ్ళని చదివాను. కరెంటుతో పారే నీళ్ళని వాగు అనొచ్చా?

హాన్ నది తెలుగోడు | గురువారం, సాయంత్రం 6:25

నిజమే అన్నా. రోజుకి లక్షా ఇరవై వేల టన్నులు ఎత్తిపోస్తారు. వానాకాలం తప్ప మిగతా రోజుల్లో సొంతంగా పారేంత నీరు ఆ వాగుకి లేదు. ఇక్కడి పర్యావరణం వాళ్ళు కూడా మీరడిగిందే అడిగారు. నేను మాత్రం ఆ నీళ్ళలో చేపలు చూశాను, చేపల కోసం నిలబడ్డ కొంగని చూశాను. భారతి పార్కుకి వచ్చిన నీళ్ళు కూడా ఐదు కిలోమీటర్ల అవతల నుంచి మనుషులు తెచ్చినవే కదా. ఊరికి నీళ్ళు ఎవరో ఒకరు తేవాలి.

చీరాల సిస్టర్ | గురువారం, సాయంత్రం 6:50

కంటి వార్డులో నర్సుగా పదకొండేళ్ళు పనిచేశాను. గుండ్లకమ్మ తమ్ముడూ, అమ్మగారిని రాత్రి పూట తీసుకెళ్ళడం గురించి అడిగావు, ఎవరూ జవాబివ్వలేదు.

మీ డాక్టరుగారిని అడిగాకే తీసుకెళ్ళు, ఆయన మాటే ఫైనల్. ఆయన సరేనంటే ఇవి చూసుకో. దుమ్ము, గాలి తగలకుండా ఇచ్చిన నల్లద్దాలు తియ్యనివ్వకు. ఆటోలో వెళ్తే గాలి నేరుగా కంట్లో కొట్టకుండా మధ్యలో కూర్చోబెట్టు. కన్ను నలపనివ్వకు. చెయ్యి పైకి లేస్తుంటే ఆ చెయ్యి నువ్వు పట్టుకో. ఒక కన్నే అయింది కాబట్టి మెట్టు ఎంత లోతుందో సరిగ్గా అందదు. మొదటి కొన్ని రోజులు దీపాల చుట్టూ వలయాలు కనబడొచ్చు, కంగారు పడొద్దని ముందే చెప్పు. నొప్పి వచ్చినా, ఎరుపు పెరిగినా, చూపు మసకబారినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. చుక్కల మందు టైము తప్పొద్దు.

గుండ్లకమ్మ ఒడ్డు | గురువారం, రాత్రి 9:10

అక్కా, చాలా మేలు చేశావు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. కట్టు విప్పారు, చూపు బాగుందన్నారు. డాక్టరుగారిని అడిగితే రేపు సాయంత్రం కాసేపు వెళ్ళొచ్చు, నల్లద్దాలు తప్పనిసరి అన్నారు.

అమ్మకి ఆయమ్మ కథ చెప్పాను. ఆయి అన్న పేరు వినగానే, “మనం పిల్లల్ని ఊపుతూ ఆయీ ఆయీ అంటాం, అదేనా?” అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

యానాం గాలి | గురువారం, రాత్రి 9:30

అన్నా, చీకటి పడే ముందే లోపల కూర్చోండి. గేటు ఎప్పుడు మూస్తారో బోర్డు చూసుకోండి, రాత్రంతా తెరిచి ఉండదు. మండపానికి కొంచెం దూరంగా ఉన్న బెంచీ పట్టుకుంటే దీపాలు వెలిగే క్షణం చూడొచ్చు. ఫోన్లో ఫొటో తియ్యాలనుకుంటే ఫోన్ బెంచీకి ఆనించి టైమర్ పెట్టండి. చేత్తో తీస్తే తెలుపంతా చెదిరిపోతుంది.

గుండ్లకమ్మ ఒడ్డు | శుక్రవారం, రాత్రి 10:15

వెళ్ళొచ్చాం. అక్క, నేను, అమ్మ.

ఆరుంపావుకి బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ నల్లద్దాల్లోంచి చెట్లనే చూస్తూ ఉంది. దీపాలు వెలిగాయి. మండపం మొన్న నాకు కనబడినట్టే ఒక్కసారిగా చెట్ల మధ్యలోంచి ముందుకొచ్చింది. అమ్మ చెయ్యి పైకి లేచింది. చీరాల అక్క చెప్పింది గుర్తొచ్చి పట్టుకోబోయాను. “కన్ను ముట్టుకోన్లేరా” అని చెయ్యి ఎడమ కంటికి అద్దం బయట అడ్డం పెట్టుకుంది. కాసేపు చూసింది. తర్వాత చెయ్యి కుడి కంటికి అడ్డం పెట్టుకుని ఎడమ కంటితో చూసింది. మళ్ళీ మార్చింది. అలా నాలుగైదుసార్లు.

ఏంటమ్మా అని అడిగాను. “ఈ కంటికి పసుపు నీళ్ళలో ముంచినట్టుంది. ఈ కంటికి అప్పుడే సున్నం వేసినట్టుంది. ఇన్నేళ్ళూ నేను తెలుపనుకున్నదంతా పసుపేనా?” అంది. శుక్లం ముదిరిన కంటికి తెలుపు పచ్చగా కనబడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా ఇంటి ముందు ముగ్గు వేస్తోంది. ఆ ముగ్గు ఆమెకి ఏ రంగులో కనబడిందో ఒక్కరోజూ అడగలేదు.

తర్వాత మెల్లగా మండపం దగ్గరికి నడిపించాం. మెట్టు దగ్గర అక్క ఒక చెయ్యి, నేనొక చెయ్యి. అమ్మ చెప్పులు విప్పింది. ఇది గుడి కాదు కదమ్మా అని అక్క అంటే, “చెరువు తవ్విన తల్లి కదే” అని స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. మేమూ విప్పాం.

తిరిగి వస్తూ ఆటోలో అడిగింది. “ఇల్లు కూల్చుకున్నాక ఆ అమ్మాయి ఎక్కడుందట?”

నా దగ్గర జవాబు లేదు. పాండీ చెల్లీ, మీ అమ్మమ్మ ఏమైనా చెప్పారా?

పాండీ తెలుగమ్మాయి | శుక్రవారం, రాత్రి 10:52

అన్నా, ఇన్నిసార్లు విన్నాను, ఈ మాట అడగాలని నాకెప్పుడూ తోచలేదు. అమ్మమ్మ చెప్పేటప్పుడు కథ చెరువు దగ్గర ఆగి, మళ్ళీ నెపోలియన్ దగ్గర మొదలయ్యేది. మధ్యలో ఆమె ఎక్కడ తల దాచుకుందో ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. వాళ్ళ చెల్లెలు ముత్తిరపాళయంలోనే ఉంటుంది. ఆదివారం వెళ్ళి అడిగి రాస్తాను.

మీరు చెకప్‌కి మళ్ళీ ఎప్పుడొస్తున్నారు?

గుండ్లకమ్మ ఒడ్డు | శుక్రవారం, రాత్రి 11:03

వచ్చే గురువారం. ఆ చెరువు గట్టు చూపించమంటోంది అమ్మ.

పాండీ తెలుగమ్మాయి | శుక్రవారం, రాత్రి 11:06

అయితే గురువారం సాయంత్రం నేను బస్టాండ్ దగ్గరికి వస్తాను. అమ్మగారికి గాలి తగలకుండా మా నాన్న కారు తెస్తాను.